మా ఆయన ముక్కు, మా వదిన నోరు

మా ఆయనకి ముక్కు పోయింది. పోయిందంటే మొహం మీద లేదని కాదు. ఉంది, నిక్షేపంగా ఉంది, ఫ్రాన్సు అంచున ఈ జూరా కొండల్లో అంత ముక్కు ఇంకెవరికీ ఉండదు. చలికాలం వస్తే ఇంట్లో అందరికన్నా ముందు అదే ఎర్రబడుతుంది. కానీ పనిచెయ్యడం మానేసింది. ఎండాకాలంలో ఏదో పాడు జ్వరం వచ్చింది, తగ్గింది, పోతూ పోతూ వాసనలన్నీ మూటగట్టుకు పోయింది. డాక్టరమ్మ "రావచ్చు, రాకపోవచ్చు" అంది. ఆ మాట చెప్పడానికి అంత చదువు దేనికో నాకర్థం కాలేదు.

నాకెలా తెలిసిందంటే, ఒకరోజు పొద్దున్నే విరిగిపోయిన పాలు కాఫీలో పోసుకుని హాయిగా తాగేశాడు రెజీస్. పక్క వీధిలో ఎవరింట్లో ఉల్లిపాయ మాడినా మా ఇంట్లోంచి తిట్టే మనిషి! నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. నా మొహం చూశాడు, కప్పు చూశాడు, మెల్లిగా కింద పెట్టాడు.

"ఎవరికీ చెప్పకే ఆర్లెట్. ముఖ్యంగా అక్కకి" అన్నాడు.

అంత భయం ఎందుకంటే, మా ఇంట్లో క్రిస్మస్ భోజనానికి వైన్లు ఎంచేది ఒక్కరే. మామగారు ఉన్నన్నాళ్ళూ ఆయన, ఆ తర్వాత రెజీస్. నేలమాళిగ తాళంచెవి ఎవరి జేబులో ఉంటే కిటికీ పక్కనున్న పెద్ద కుర్చీ వాళ్ళది. ఇంటికని దాచుకున్న మా సీసాలకి చీటీలుండవు, మనకి మనం చీటీలేమిటి? సీసా బల్ల మీదికొస్తుంది, ఎంచినవాడు మొదటి గుక్క తాగి తలూపుతాడు. అప్పటిదాకా ఇంకెవరూ గ్లాసు ముక్కు దగ్గరికి తేకూడదు. తలూపాక మొదలవుతుంది అసలు పండగ. ఇది ఏ తోటది, ఏ ఏడాదిది, వాన ఎక్కువైన ఏడాదా ఎండ ఎక్కువైన ఏడాదా అని ఒకటే పోట్లాట. అందరిలోకీ పెద్ద నోరు మా వదిన క్లోతీల్డ్‌ది. రెజీస్‌కి అక్క. తమ్ముడితో కలిసి జీవితమంతా ద్రాక్షతోటలు చేసింది, తమ్ముడు ఎంచిన వైన్‌ని మాత్రం ఒక్కసారి కూడా బాగుందన్న పాపాన పోలేదు. మరీ బాగుంటే "తాగొచ్చు" అంటుంది.

"ముక్కు లేదని తెలిస్తే నన్ను ఆ కుర్చీలోంచి లేపుతారనా నా భయం?" అన్నాడు రెజీస్. "లేపరే. కూర్చోబెట్టి జాలిపడతారు. నేనేం తెచ్చినా అబ్బ, అమృతం అంటారు. ఆ బతుకు నాకొద్దు. దానికన్నా తాళంచెవి అక్క మొహాన పారేసి, నీ వంటింట్లో కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటా."

"నా వంటింట్లో నీకు చోటు లేదు" అన్నాను. కోపంగానే అన్నాను. ఆ కుర్చీలో ఆయన లేని పండగ నేను ఊహించుకోలేను.

పండగ ముందు ఇద్దరం నేలమాళిగలోకి దిగాం. మెట్ల దగ్గర నేను లైటు పట్టుకున్నాను. కింద ఆయనకి లైటు కూడా అక్కర్లేదు. చెయ్యి చాచాడంటే సీసా చేతిలోకొస్తుంది.

"మొదట పొగబెట్టిన పందిమాంసం కదా. దానికి లేత ఎర్రది, పూల్సార్. కిందటేడు పంట చాలు, దాహం తీరాలి అంతే. తర్వాత అడవిపంది మాంసం రొట్టెలో పెట్టి చేస్తున్నావుగా?"

"చేస్తున్నా."

"దానికి నాన్న చేసిన ముదురు ఎర్రది, త్రూసో." గోడ మూలకి వెళ్ళి, దుమ్ముపట్టిన సీసాని రెండు చేతులతో తీశాడు. మామగారి చేతి మీద వచ్చిన ఆఖరి పంట అది, అందులో మిగిలిన ఆఖరి సీసా. "కోడికి పసుపు వైన్. వడగళ్ళు పడ్డాయి చూడు, ఆ ఏటిది. ఎగువ తోట పీపా."

మా పసుపు వైన్ ఆరేళ్ళు దాటేదాకా పీపాలోనే ఉంటుంది, ఎవరూ ముట్టుకోకూడదు. తెల్లద్రాక్షదే అయినా ఆఖరున తాగుతాం. మా దగ్గర ముందు ఎర్రది, తర్వాత తెల్లది. మా అల్లుడు తిబో బోర్దోవాడు, అక్కడి వైన్‌ని ఈయన వైన్ అనే ఒప్పుకోడు. ప్రతి ఏడాదీ "మామయ్యా, లోకమంతా తెల్లది ముందు తాగుతుందండీ" అంటాడు. "లోకమంతా తప్పు చేస్తే మేమేం చెయ్యం బాబూ" అంటాడు ఈయన. ఆ మాటలు ఇద్దరూ అనుకుంటే గానీ మాకు భోజనం మొదలైనట్టుండదు.

"అన్నీ ఎంచావు సరే. ఒకవేళ బిరడా పాడై, వైన్‌కి బూజు వాసన పట్టిందనుకో. నువ్వు తలూపేశావనుకో. అప్పుడు?" అన్నాను.

ఆయన త్రూసో బిరడా మీద వేలితో రుద్దాడు. దాని గురించే రోజూ ఆలోచిస్తున్నాడని అర్థమైంది.

"సీసాలు వంటింట్లో నేనే తెరుస్తా" అన్నాను. "వాసన నేను చూస్తా. బాగుంటే తువ్వాలు భుజాన వేసుకొస్తా. పాడైతే చేత్తో పట్టుకొస్తా. సరేనా?"

"ఆఖరికి నీ ముక్కు మీద బతకాల్సి వచ్చిందన్నమాట."

"నా ముక్కుకేం? నిన్ను చేసుకున్నప్పుడు తప్ప ఎప్పుడూ మోసపోలేదు."

చాలా రోజుల తర్వాత నవ్వాడు. 

పండగ నాడు మధ్యాహ్నానికి అందరూ వచ్చేశారు. అందరూ అంటే ఎంతమందో కాదు. మా అమ్మాయి మోద్, తోటలు ఇప్పుడు తనే చూసుకుంటోంది. తిబో. మోకాళ్ళు పట్టుకుని తిట్టుకుంటూ మా వదిన. రెజీస్ పెద్ద కుర్చీలో కూర్చున్నాడు, కొత్త చొక్కా వేసుకుని, పెళ్ళికొడుకులా బిగుసుకుపోయి.

మొదటి సీసా బాగానే గడిచింది. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళాను. ఆయన గ్లాసు తిప్పాడు, ముక్కు దగ్గర పెట్టి కళ్ళు మూసుకున్నాడు, ఒక గుక్క తాగి తలూపాడు. ఎంత బాగా నటించాడో, ఒక్క క్షణం నేనే నమ్మేశాను. తిబో "లోకమంతా" అన్నాడు, ఈయన "తప్పు చేస్తే" అన్నాడు. మా వదిన "నీళ్ళు కలిపావేంట్రా?" అంది. హమ్మయ్య అనుకున్నాను.

రెండో సీసాకి వచ్చింది తంటా. త్రూసో తెరుద్దామని బిరడా తీసే మర అందుకునేలోపు పొయ్యిలో కోడి పైన మాడుతున్నట్టు వాసన వచ్చింది. తలుపు తీసి, కోడిని బయటికి లాగి, దాని మీద మీగడా పులుసూ పోస్తున్నాను. వెనక్కి తిరిగేసరికి బల్ల మీద సీసా లేదు.

"మీరు పనిలో ఉన్నారుగా అత్తయ్యా, నేను తెరిచి ఇస్తాలెండి!" అని అవతలి గదిలోంచి తిబో గొంతు.

ఎంత మంచి అల్లుడో! ఆ క్షణంలో వాడి మెడ పిసికేద్దామనిపించింది. తువ్వాలు లాక్కుని పరిగెత్తాను. నేను గుమ్మంలోకి వచ్చేసరికి రెజీస్ చేతిలో గ్లాసు ఉంది. నా వైపు చూశాడు. నా దగ్గర చెప్పడానికేముంది? నేను వాసన చూస్తేగా! తువ్వాలు ఎటు పెట్టుకోవాలో తెలీక ఛాతీకి హత్తుకుని నిలబడ్డాను. అందరూ ఎదురుచూస్తున్నారు. ఆయన ఒక గుక్క తాగాడు.

తలూపాడు.

మోద్ అందరికీ పోసింది, నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. పెదాల దాకా కూడా తేనక్కర్లేకపోయింది. తడిసిన అట్టపెట్టె, కిటికీలు తియ్యని గదిలో ఆరేసిన బట్టలు, అదే వాసన. మామగారి ఆఖరి పంట, పాడైపోయింది. ఇప్పుడు అంటారు, ఇప్పుడు ఎవరో ఒకరు ఛీ అని ఉమ్మేస్తారు అని చూస్తున్నాను. ముందు తిబోయే అంటాడనుకున్నాను. హోటల్లో సీసా వెనక్కి పంపకుండా ఒక్కసారి కూడా భోంచెయ్యని రకం.

తిబో తాగాడు. ఇంకో గుక్క కూడా తాగాడు. మోద్ తాగింది. మా వదిన గ్లాసెత్తి, మందు మింగినట్టు గటగటా మింగేసింది. చాకులు పళ్ళేలకి తగిలే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

రెజీస్ అందరి మొహాలూ చూశాడు.

"ఏంటి, ఎవరూ మాట్లాడరే? ఏ ఏడాదిదో చెప్పండి."

"మీరే చెప్పండి మామయ్యా" అన్నాడు తిబో, పళ్ళెంలోకి చూస్తూ.

"బాగుంది నాన్నా" అంది మోద్.

"అక్కా?"

మా వదిన మూతి తుడుచుకుంది. "బాగుందిరా. చాలా బాగుంది."

అంతే. రెజీస్ గ్లాసు కింద పెట్టేశాడు. మొహంలో నెత్తురు లేదు.

"పాడైంది కదూ" అన్నాడు.

మోద్ తల దించుకుంది. ఆయన అక్కనే చూశాడు.

"నువ్వు బాగుందన్నావంటే విషమైనా అయ్యుండాలి, లేకపోతే నేను చచ్చేలా అయినా ఉండాలి. ఎప్పటినుంచి తెలుసు మీకు?"

"నేను ఆల్బుకారా పళ్ళ జామ్ చేసినప్పటినుంచి" అంది మా వదిన. "నా వంటింట్లో కూర్చున్నావు, గిన్నె అడుగంటి ఇల్లంతా పొగ వాసన. నువ్వేమో తాపీగా, ఏం వండుతున్నావక్కా అన్నావు."

ఈయన తిబో వైపు తిరిగాడు. "నీకు?"

తిబో ఇబ్బందిగా కదిలాడు. "పంటప్పుడు మీకో బోర్దో సీసా తెచ్చాను కదండీ. మీరు తాగి, మంచిదే బాబూ అన్నారు. నాకు భయం వేసింది. కారెక్కగానే మోద్‌తో చెప్పాను, మామయ్యకేదో అయిందని."

ఇంకో రోజైతే పడి పడి నవ్వేవాళ్ళం. మోద్ కళ్ళు తుడుచుకుంటోంది. ఇన్నాళ్ళూ నేనేదో పెద్ద రహస్యం మోస్తున్నానని నడుం పడిపోయేలా మోశాను, వీళ్ళంతా తలో కొసా పట్టుకునే ఉన్నారన్నమాట. నాకు ఒళ్ళు మండింది, వాళ్ళని ముద్దు పెట్టుకోవాలనీ అనిపించింది.

రెజీస్ మాత్రం ఎవర్నీ చూడటం లేదు. జేబులోంచి తాళంచెవి తీశాడు. బల్ల మీద జరిపి, మా వదిన పళ్ళెం పక్కన పెట్టాడు.

"నాన్న ఆఖరి సీసా. మీ అందరి చేతా మురుగు తాగించాను. మీరు తాగారు కూడా. ఇంక నావల్ల కాదక్కా. కుర్చీ కూడా తీసుకో."

మా వదిన ఆ తాళంచెవిని పురుగుని చూసినట్టు చూసింది.

"ఈ మోకాళ్ళతో ఆ మెట్లు దిగమంటావా? చంపేద్దామనే?" అంది. "అక్కడ ఏ సీసా ఎక్కడుందో నాకేం తెలుసు? ఏ కూరకి ఏది నప్పుతుందో నాకేం తెలుసు? నాన్న నీకు నేర్పాడు, నాకు కాదు. అందుకే కదా జీవితమంతా నీ మీద ఏడ్చాను! తియ్యి, ముందు నా పళ్ళెం దగ్గర్నుంచి తియ్యి దాన్ని. ఎంచేది నువ్వే. వాసన నేను చూస్తాను. ముక్కు నాకుంది."

తాళంచెవి ఇద్దరి మధ్యా అలాగే పడి ఉంది.

నేను వంటింట్లోకెళ్ళి మూడో సీసా తెరిచాను. నేను వాసన చూడలేదు. కోడిని తెచ్చి మధ్యలో పెట్టి, పసుపు వైన్ రెజీస్ ముందు పెట్టాను. ఆయన తన ముందున్న కొత్త గ్లాసు అందుకున్నాడు. అందులో కొద్దిగా పోసి, అక్క చేతికిచ్చాడు. మా ఇంట్లో ఎంచినవాడి కన్నా ముందు ఇంకొకరి ముక్కు గ్లాసులోకి వెళ్ళడం ఎప్పుడూ జరగలేదు.

"ఏమొస్తోంది?" అన్నాడు.

మా వదిన వాసన చూసింది. "పాడవలేదు. అక్రోట్ల వాసన."

"అక్రోట్లు సరే. ఏ పసుపు వైన్‌కైనా అక్రోట్లే. దాని కింద?"

"కింద ఏముంటుంది, గ్లాసుంటుంది."

"సరిగ్గా చూడక్కా. ఎగువ తోట పీపా అది. ఆపిల్ తొక్క రావాలి. ఒలిచి పక్కన పెట్టి మర్చిపోయిన తొక్క."

మా వదిన మళ్ళీ ముక్కు గ్లాసులో పెట్టింది. ఈసారి కళ్ళు మూసుకుంది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. ఆ ముసలి మొహం ఒక్కసారి మెత్తబడింది. కళ్ళు తెరిచి తమ్ముణ్ణి చూసింది.

"లేదు" అంది.

"ఏంటి, లేదా?"

"ఆపిలూ లేదు, తొక్కా లేదు. నీ మొహం."

"నీ ముక్కు పుట్టినప్పటినుంచీ అంతే!" రెజీస్ బల్ల మీద గుద్దాడు, ఫోర్కులు ఎగిరాయి. "వడగళ్ళ ఏడు, ఆ పీపాలో నా చేత్తో పోశాను, నాకు చెప్తావా?"

"ముక్కు లేనివాడివి నువ్వు నాకు చెప్తావా?"

"మామయ్యా, నాకైతే ఎండుద్రాక్షలా అనిపిస్తోందండీ" అన్నాడు తిబో.

"నువ్వు నోర్ముయ్యి బాబూ! బోర్దోవాడికేం తెలుసు!" అన్నారు అక్కా తమ్ముడూ ఒకేసారి.

మోద్ పకపకా నవ్వింది. రెజీస్ మొహంలోకి రంగు వచ్చేసింది, చెవుల దాకా. కోడిని కొయ్యడానికి చాకు పట్టుకుని, కొయ్యకుండా దాంతోనే అక్కకి తోట మెరక ఎటుందో గాల్లో గీసి చూపిస్తున్నాడు. తాళంచెవి మళ్ళీ ఎప్పుడు జేబులో వేసుకున్నాడో నేను చూడనే లేదు.

నా గ్లాసు తీసుకుని కిటికీ వైపు తిరిగి వాసన చూశాను. ఆపిల్ తొక్క ఉంది. బాగా ఉంది.

నేనూ నోరెత్తలేదు.