ఎత్తని వేలు

బిండరీ ఊరు దాటాక ఎదురొచ్చే ప్రతి బండికీ స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఎత్తాలి. చెయ్యి ఊపక్కర్లేదు, నవ్వక్కర్లేదు. ఒక్క వేలు చాలు. అవతలివాడూ ఎత్తుతాడు. ఎత్తలేదంటే వాడు సిడ్నీ నుంచొచ్చిన పట్నంవాడైనా అయివుండాలి, మన మీద కోపంగానైనా ఉండాలి.

ఆ గురువారం పొద్దున మా బావ వెర్న్ వేలు ఎత్తలేదు. కోపమే అనుకున్నాను. కారణం కూడా ఉంది.

పదిరోజుల క్రితం అతను కొత్త తెల్లకారు తెచ్చి నా మెకానిక్ షెడ్డు ముందు ఆపాడు. నేను చుట్టూ ఒకసారి తిరిగి, డిక్కీ తెరిచి, అడుగున పరిచిన అట్ట ఎత్తి చూశాను.

"స్టెప్నీ ఏది బావా?"

"ఇవ్వలేదురా క్లెమ్. నురగ డబ్బా ఇచ్చారు. పంక్చరైతే టైర్లోకి కొట్టుకోవాలట."

"టైరు చీలిపోతే ఆ నురగతో గడ్డం గీసుకో. ఎవడో ఒకడు వచ్చేదాకా కాలక్షేపం."

"ముప్పై ఏళ్లు నువ్వు మెచ్చిన బండ్లే తోలాను. నడుం పోయింది. ఇది రోడ్డు మీది గీతల మధ్య దానంతటదే పోతుంది. ముందు బండి తగ్గితే తగ్గుతుంది, ఆగితే ఆగుతుంది. నాకు అరవై ఎనిమిదొచ్చాయి, పైగా బీపీ. ఇదే కొనమని మీ అక్క పోరింది."

"ఇంజనుండాలి, స్టెప్నీ ఉండాలి, రిపేరు నాలాంటివాడి చేతిలో ఉండాలి. అదీ బండంటే. ఇది చక్రాలున్న టీవీ."

బావ ఆ మాట పట్టించుకోలేదు గానీ ఒక ఫిర్యాదు చేశాడు. స్టీరింగ్ మీంచి చెయ్యి తీస్తే కారు కూస్తుంది. చూపు పక్కకి తిప్పినా కూస్తుంది. మొహాన్ని కనిపెట్టడానికి ఎదురుగా చిన్న కెమెరా కూడా ఉంది.

"ఇంట్లో మీ అక్క చాలదన్నట్టు ఇదొకటి. దీని నోరు మూయించరా."

మూయించాను. గాలానికి కట్టే సీసం గుండ్లు గుడ్డసంచీలో పోసి స్టీరింగుకి ఒక పక్క కట్టాను. ఆ బరువుంటే చెయ్యి ఉందనే అనుకుంటుంది కారు. కెమెరా మీద నల్ల టేపు అంటించాను. రెండు నిమిషాల పని.

ఆ సాయంత్రం పబ్బులో అందరి ముందూ అన్నాను, మా బావ కొన్నది కారు కాదు, పసిపిల్లల్ని తిప్పే తోపుడుబండి అని. పబ్బంతా నవ్వింది. బావ సగం బీరు వదిలేసి లేచిపోయాడు. అప్పట్నుంచీ మాటల్లేవు.

గురువారం నేను ఉత్తరాన రోడ్డు పనివాళ్ల యంత్రం బాగుచేసి వెనక్కి వస్తున్నాను. పెట్రోలూ తిండీ దొరికే నోరీన్ రోడ్‌హౌస్ ఇంకా ఇరవై కిలోమీటర్లుందనగా తెల్లకారు ఎదురొచ్చింది. వేలు ఎత్తాను. నల్లద్దాలు పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఉన్నాడు బావ. తల కూడా కదల్చలేదు. నాకు ఒళ్లు మండింది. మొహం అవతలికి తిప్పుకుని దాటిపోయాను.

రోడ్‌హౌస్‌లో నోరీన్ టీ కప్పు బల్లమీద కొట్టినట్టు పెట్టింది.

"మీ బావకి ఏం పోయేకాలం? ఇరవై ఏళ్లుగా గురువారం ఇక్కడ ఆగని రోజు లేదు. ఇందాక బయటే ఉన్నాను, చెయ్యెత్తాను. కన్నెత్తి చూడకుండా వెళ్లిపోయాడు."

"నా మీద అలిగాడులే."

"నీ మీద అలిగితే వారం వారం తినే నా మీట్ పై ఏం చేసింది?"

నేను నవ్వాను. అప్పుడే అలమర మీద, లారీవాళ్లతో మాట్లాడే రేడియో గరగరమంది. మూడు ట్రైలర్ల లారీ తోలే స్టావ్రోస్ గొంతు.

"ఉత్తరంగా వెళ్తున్నా. నా వెనక ఓ తెల్లకారు అతుక్కుని పది నిమిషాలైంది. రోడ్డు ఖాళీ, దాటిపొమ్మని మూడుసార్లు కుడి లైటేశాను. పోడు. నేను తగ్గితే తగ్గుతాడు, పెంచితే పెంచుతాడు. ఎవడండీ ఈ జిడ్డు?"

కప్పు కింద పెట్టాను. బావ నోరీన్‌కి చెయ్యెత్తలేదు. నాకు వేలెత్తలేదు. లారీని దాటడం లేదు. నేను కట్టిన సంచీ కళ్లముందు ఊగింది.

మైకు లాక్కున్నాను. "స్టావ్రోస్, నేను క్లెమ్‌ని. సడెన్‌గా బ్రేకు తొక్కకు. అది మా బావ కారు. తోలేది బావ కాదు, కారే తోలుతోంది."

"మరి ఆయనేం చేస్తున్నాడు?"

"తెలీదు. ఎక్కడున్నావు నువ్వు?"

"కంకర రోడ్డుకి తొమ్మిది కిలోమీటర్లు."

ఆ కంకర పొద్దున చూసే వచ్చాను. తారు గీకేశారు. గీతలు లేవు. వాగు పక్కన మలుపు తిరుగుతుంది, ఆ మలుపులోనే ఆపు బోర్డు పట్టుకుని ఒకామె నిలబడుతుంది. లారీ చక్రాలు లేపే దుమ్ములో కారుకి లారీ కూడా కనబడకపోవచ్చు. అప్పుడు అది ఏం చేస్తుందో దాన్ని తయారుచేసినవాడికే తెలియాలి.

"కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రా. కంకర ఎక్కకముందే ఆగాలి. నువ్వాగితే అదీ ఆగుతుంది."

"ఖాయమా?"

"మా బావ అలాగే చెప్పాడు."

నోరీన్ అప్పటికే ఫోన్లో, విమానంలో వచ్చే డాక్టర్లని పిలుస్తోంది.

"ఎనభై," అన్నాడు స్టావ్రోస్. "కొంచెం పక్కకి జరిగితే అద్దంలో కనిపిస్తున్నాడు. అరవై. మీదకొస్తున్నాడు క్లెమ్. ఆ... తగ్గాడు. నలభై. రోడ్డు పని నారింజ బోర్డు కనబడుతోంది."

తర్వాత గరగర తప్ప ఏమీ లేదు. నోరీన్ నా చొక్కా చెయ్యి పట్టుకుంది. గోడగడియారంలో నాలుగు నిమిషాలు గడిచాయి.

"ఆగింది," అన్నాడు స్టావ్రోస్ రొప్పుతూ. "నా చివరి ట్రైలరుకి రెండు బారల దూరంలో. తలుపు రాలేదు, అద్దం పగలగొట్టాను. ఊపిరుంది. పక్షవాతంలా ఉంది, కాలూ చెయ్యీ ఏదీ కదలట్లేదు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నాడు."

నాలుగోవారంలో, అడిలైడ్ ఆసుపత్రిలో, బావకి మాట కాస్త తిరిగింది. ఒక్కో ముక్కా కూడగట్టుకుని అన్నాడు.

"నీ వేలు... చూశాన్రా. అరిచాను. బయటికి రాలేదు. నువ్వు... మొహం తిప్పుకున్నావు."

అక్క కిటికీవైపు తిరిగి నిలబడింది.

పగిలిన అద్దం మార్చమని కారు నా షెడ్డుకే పంపింది అక్క. మార్చాను. టేపు పీకాను, సంచీ విప్పాను. తర్వాత ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్లి, వంద మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను.

కూసింది. గట్టిగా కూసింది. వేగం తగ్గుతున్నట్టు తెలిసింది. కళ్లు తెరిచేసరికి నాలుగు లైట్లూ వెలిగి ఆరుతున్నాయి, కారు రోడ్డు అంచున నిలబడి ఉంది.

గడియారం చూసుకున్నాను. అది తనంతట తాను ఆగడానికి నలభై సెకన్లు పట్టింది.