ఎర్ర చొక్కా మీద అనుమానం

పాప మెడ మీద ఎర్రటి చుక్క కనిపించింది. అద్దకం మేస్త్రి తడిగుడ్డతో తుడిచాడు. పోలేదు.

చొక్కా పైకెత్తి చూశాడు. పొట్ట నిండా, వీపు నిండా దద్దుర్లు!

మూడు రోజులు జ్వరంతో పెనంలా కాలిన పాప ఒళ్లు ఆ ఉదయమే చల్లబడింది. ఆ సంబరంలో, తను స్వయంగా రంగు వేసిన ఎర్ర చొక్కా ఏడాది కూతురికి తొడిగాడు. తొందరలో దాన్ని ఒక్కసారే జాడించాడు. నీళ్లు తేటబడేదాకా జాడించమని కార్ఖానాలో రోజూ కేకలేసేది తనే.

"రంగు మిగిలిపోయింది. నా చేతులతో నేనే పసిదాని ఒళ్లు పాడుచేశాను," అన్నాడు భార్యతో.

"ముందు చొక్కా విప్పండి. ఏడుపు తర్వాత!"

విప్పి అత్తగారి చేతిలో పడేశాడు. "అత్తయ్యా, అది విషం. ఇంట్లో ఉంచొద్దు."

పాపను ఎత్తుకుని, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు. వెనకే భార్య.

వీధి చివర ఆసుపత్రిలో డాక్టరమ్మ అంతా విన్నది. గాజు గ్లాసు తీసి దద్దుర్ల మీద నొక్కింది. గ్లాసు కింద ఎరుపు మాయమైంది. తీయగానే తిరిగొచ్చింది.

"చెవుల వెనక కూడా ఉన్నాయే! చొక్కా చెవులదాకా తొడిగారా, మేస్త్రిగారూ?"

అతను పాప చెవి వంచి చూశాడు.

"ఇది పసిపిల్లలకు మామూలేనండీ. జ్వరం దిగిపోగానే దద్దుర్లు తేలతాయి. పోతూ పోతూ సంతకం పెట్టి పోయిందనుకోండి. వాటంతటవే పోతాయి. మళ్లీ జ్వరం వచ్చినా, పిల్ల మగతగా పడి ఉన్నా, ఇలా నొక్కినప్పుడు దద్దుర్లు చెరగకపోయినా వెంటనే తీసుకురండి."

"అయితే... నా రంగు కాదా?"

"మీ రంగు అంత గట్టిదైతే నా చీరలకూ వేసి పెట్టండి. రెండు ఉతుకులకే వెలిసిపోతున్నాయి."

భార్య ఫక్కున నవ్వింది. నవ్వుతూనే పైటచెంగుతో కళ్లొత్తుకుంది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మం తుడుస్తోంది. చేతిలో గుడ్డ ఎర్రగా ఉంది.

"అత్తయ్యా, అది..."

"విషమన్నావుగా అల్లుడూ! ముక్కలుగా కత్తిరించేశా. పారేయడమెందుకని ఇలా వాడుతున్నా. ఎన్నిసార్లు పిండినా చుక్క రంగు దిగలేదయ్యా!"

మేస్త్రి గుమ్మంలోనే కూలబడ్డాడు. పాప అతని ఒళ్లోంచి వంగి, ఆ గుడ్డ కోసం చేతులు చాచి కేరింతలు కొట్టింది.

"ఇంకో చొక్కాకు రంగు వేయండి," అంది భార్య. "ఎరుపు మాత్రం వద్దు, మీకు దండం పెడతా!"