నువ్వు వచ్చేస్తే ఎవరు చూస్తారు

తడిసిన దుప్పటి పిండాలంటే ఇద్దరు కావాలి. ఒక కొస నేను, ఇంకో కొస మా ఆడపడుచు పట్టుకుని ఎదురుబొదురుగా నిలబడి మెలిపెడుతున్నాం. అత్తయ్య పక్షవాతంతో మంచాన పడినప్పటి నుంచీ మా ఇంట్లో తెల్లవారేది ఈ పనితోనే. ఇంటర్ చదువుతున్న ఆ పిల్ల ఉన్నట్టుండి చేతులు ఆపి, "వదినా, డబ్బు లేనివాళ్లని కూడా చదివించే కాలేజీలు అమెరికాలో ఉన్నాయట" అంది.

"ముందు పిండు" అన్నాను. నీళ్లన్నీ నా కాళ్ల మీద కారాయి.

పేరుకి ఆడపడుచే గానీ, నేను ఈ ఇంటికి వచ్చేనాటికి దానికి పాలపళ్లు ఊడుతున్నాయి. జడలు వేసిందీ, ఎక్కాలు అప్పజెప్పించుకున్నదీ నేనే. మా ఆయన ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. నేను పగటిపూట ఒక కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. ఎవరైనా "మీ ఆవిడ ఏం చేస్తుంది?" అని అడిగితే మాత్రం ఆయన "ఏముంది, ఇంట్లోనే" అంటాడు. మొదట్లో గుచ్చుకునేది. పోనుపోను ఆ మాట కూడా ఫ్రిజ్ చప్పుడులా, ఉన్నా వినిపించకుండా పోయింది.

విదేశీ చదువులకు పంపించే ఆఫీసుకి ఇద్దరం వెళ్లాం. అద్దాల గదిలో కూర్చున్నతను మార్కులు అడగలేదు. "ఇల్లు సొంతమేనా?" అని అడిగాడు. సొంతమేనన్నాను. "ఇంకేం, అప్పు ఇప్పించే పూచీ నాది" అన్నాడు. ఖర్చంతా వాళ్లే పెట్టుకునే కాలేజీల సంగతి చెప్పమని మా పిల్ల అడిగితే, "అవి లాటరీలమ్మా. వాటి కోసం చూస్తూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది" అని నవ్వాడు. మెట్లు దిగుతూ అది, "మనం అప్పు చేస్తేనే కదా వదినా ఆయనకి కమిషన్" అంది. నాకు తట్టనే లేదు.

తర్వాత అదే వెతుక్కుంది. అత్తయ్యకి నేను తినిపిస్తూంటే పక్కన కూర్చుని, ఫోన్‌లో చదివినవన్నీ చెప్పేది. కొన్ని కాలేజీలు పరాయి దేశం పిల్లలు డబ్బు కట్టలేమంటే దరఖాస్తు పక్కన పెట్టేస్తాయట. కొన్ని స్కాలర్‌షిప్ అని గొప్పగా చెప్పి, మిగతాది మనల్ని కట్టుకోమంటాయట. ఆ మిగతాదానికే మా ఇల్లు చాలదు. చేర్చుకున్నాక తిండీ బసతో సహా లోటంతా పూడ్చేవి బాగా తక్కువ. అవి కూడా పేరున్న పెద్ద కాలేజీలే అనుకోనక్కర్లేదట, మంచు కురిసే చిన్న ఊళ్లలో, మేమెవరం పేరు వినని చోట కూడా ఉన్నాయట. దరఖాస్తు ఫీజు కట్టలేమని రాస్తే అది కూడా మాఫీ చేసేవాళ్లున్నారు.

"అలా ఎలా రాస్తావే? సిగ్గుగా ఉండదూ?" అన్నాను.

"అడగమని వాళ్లే అంటున్నారు వదినా. అడగడానికి సిగ్గెందుకు?"

అత్తయ్య నోటికి ఇంకో చెంచా అందించాను. ఈ ఇంట్లో నేను ఫలానాది కావాలని అడిగింది ఎప్పుడో గుర్తు చేసుకోబోయాను. ఈ కోడలు దేనికీ నోరు తెరవదు, ఎంత ఓర్పో అని బంధువులు మెచ్చుకునేవారు. ఆ మెప్పుకే పొంగిపోయి, ఉన్న నోరు కూడా కుట్టేసుకున్నట్టున్నాను. జ్వరం వచ్చినా పని ఎవరైనా అందుకుంటారేమోనని చూడటమే గానీ, అందుకోమని అనలేదు. దీనికేమో ముక్కూమొహం తెలియని దేశాన్ని అడగడానికి కూడా బెరుకు లేదు.

అసలు చిక్కు మా ఆయన దగ్గర వచ్చింది. ఆ కాలేజీల ఫారంలో ఇంటి ఆదాయం ఎంతో చెప్పి సంతకం పెట్టమంటే ఆయన మొహం మాడిపోయింది.

"మనమేమైనా అడుక్కునేవాళ్లమా? కావాలంటే ఇల్లు తాకట్టు పెడతా. అంతేగానీ ఇంత లేనివాళ్లమని ఎవడికో రాసివ్వను."

"వద్దన్నయ్యా, నేను నాలుగేళ్లు చదివి నలభై ఏళ్లు అప్పు తీర్చాలి" అంది పిల్ల. ఆయన వినిపించుకోకుండా నావైపు తిరిగి, "నువ్వే దీన్ని ఎగదోస్తున్నావు" అన్నాడు.

మామూలుగా అయితే వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఆ రోజు వెళ్లలేదు. "మన సంపాదన ఎంతో ఈ వీధిలో అందరికీ తెలుసు. తెలియనట్టు నటిస్తున్నది మనిద్దరమే" అన్నాను. "నా జీతం కూడా అందులో చెప్పండి. ఇంట్లోనే ఉంటుందని చెప్పకండి."

ఆయన కాగితం లాక్కున్నాడు. సంతకం పెట్టి, చొక్కా తగిలించుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఒక కాలేజీవాళ్లు వీడియోలో మాట్లాడతామన్నారు. ఇంట్లో కుదురుండదని షాపు యజమానురాల్ని అడిగాను. నోరు తెరిచి అడగడం అదే మొదలు. ఆవిడ ఇట్టే ఒప్పుకుని కళ్లు పరీక్షించే గది ఇచ్చింది. పిల్ల లోపల కూర్చుంది. నేను బయట తుడిచిన ఫ్రేమునే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాను. లోపల్నుంచి నవ్వులు వినిపించాయి. తర్వాత చప్పుడు లేదు. బయటికొచ్చినప్పుడు దాని మొహం వాడి ఉంది.

"అన్నీ బాగానే చెప్పా వదినా. ఇంట్లో నీ పనులేంటని అడిగారు. మా అమ్మని చూసుకుంటానన్నాను. 'మరి నువ్వు వచ్చేస్తే ఎవరు చూస్తారు?' అన్నారు. మామూలుగానే అడిగారు, పాపం. నాకే మాట రాలేదు."

సీటు వచ్చింది. చదువు, తిండి, బస అన్నీ వాళ్లవే. విమానం టికెట్ కూడా. చుట్టాలందరికీ ఫోన్లు చేసి మా ఆయన, "ఖర్చంతా వాళ్లదే, మా చెల్లెలి తెలివి అలాంటిది" అని చెప్పుకున్నాడు. ఎవరో అత్తయ్య సంగతి ఎత్తినట్టున్నారు. "దానికేముంది, మా ఆవిడ ఉందిగా" అన్నాడు.

ఆ సాయంత్రం పిల్ల నా పక్కన చేరింది. "ఏడాది ఆగి రావచ్చేమో అడుగుతా వదినా. నువ్వొక్కదానివే ఎలా చేస్తావు?"

అమెరికా కాలేజీ అంతా ఉచితంగా ఇచ్చిందని ఇంటిల్లిపాదీ సంబరపడుతున్నారు. ఉచితమంటే ఎవరూ కట్టనిది కాదని, ఇంకెవరో కడుతున్నారని నాకు అప్పుడే అర్థమైంది. అక్కడ కట్టేవాళ్లెవరో పిల్లకి చెప్పి మరీ కడుతున్నారు. ఇక్కడ కట్టేది నేను, ఏళ్ల తరబడి, ఎవరికీ చెప్పకుండా. ఇప్పుడు నా కోసమని ఈ పిల్ల ఆగిపోతే, నన్ను చూసి జాలిపడటం కూడా దానికి ఒక చాకిరీ అవుతుంది.

లేచి వెళ్లి మా ఆయన చూస్తున్న టీవీ కట్టేశాను. "ఇలా రండి" అని అత్తయ్య మంచం దగ్గరికి తీసుకెళ్లాను.

"స్నానం నేను చేయిస్తాను. పక్కకి తిప్పడం, తినిపించడం, దుప్పట్లు ఉతకడం ఇకనుంచి మీవి."

"నాకు రాదు."

"నాకూ పుట్టుకతో రాలేదు. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుం కింద. నెమ్మదిగా."

అత్తయ్య ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. పిల్ల అలవాటుగా ముందుకు రాబోయింది. "నువ్వెళ్లి పెట్టె సర్దుకో" అన్నాను. ఆయన వంగాడు. మొదటిసారి సగంలోనే వదిలేశాడు, ఆవిడ మూలిగింది. రెండోసారి తిప్పాడు. చెమట తుడుచుకుంటూ, "ఇంత బరువుంటుందా?" అన్నాడు.

"రోజుకి నాలుగైదుసార్లు" అన్నాను.

మర్నాడు ఇంకా తెల్లగా తెల్లవారక ముందే అత్తయ్య గదిలోంచి పిలుపు వినిపించింది. దిగ్గున లేచి కూర్చున్నాను. మళ్లీ పిలిచింది. మాట ముద్దముద్దగానే ఉన్నా, పిలుస్తున్నది కొడుకునని స్పష్టంగా తెలిసింది. నేను మళ్లీ పడుకున్నాను.