వెంట వచ్చిన దారి

తెల్లవారగానే మరియమ్మ వసారా ఊడుస్తుంది. ఊడ్చే ముందు దారిని ఒక కొస పట్టుకుని చాపలా చుట్టి గోడకి నిలబెడుతుంది. దాని కింద రాలిన ఎర్రమట్టినీ, ఎండిన ఇప్పపూలనీ చేటలోకి ఎత్తి, నీళ్లు చల్లి, మళ్లీ పరుస్తుంది. ఆ లోపల వ్యాగన్ షాపు సైరన్ మోగుతుంది. ఆమె భర్త రత్నం టిఫిన్ డబ్బా సైకిలుకి తగిలించుకుని, దారి మీంచే బయటికి దించుకుంటాడు. పక్క క్వార్టర్ పరదేశి గోడ మీంచి తొంగిచూసి, నిన్న సాయంత్రం మీ దారి మా గుమ్మంలో పడుకుంది, మా ఆవిడ తట్టుకుని పడబోయింది, కాస్త అదుపులో పెట్టుకోండమ్మా అంటాడు. అలాగే అన్నయ్యగారూ అంటుంది మరియమ్మ. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో ఎవరింటి గొడవ వాళ్లకుంటుంది. ఒకళ్లింట్లో మేకలు, ఒకళ్లింట్లో అద్దెకున్న కుర్రాళ్లు, వీళ్లింట్లో దారి.

దాన్ని తెచ్చింది వాళ్లబ్బాయి ఆకాష్. తెచ్చాడనడం కూడా తప్పే, అదే వచ్చింది. పోయిన క్రిస్మస్ అయ్యాక చర్చి కుర్రాళ్లతో కలిసి బస్తర్ వైపు వెళ్లాడు. కేశ్‌కాల్ ఘాట్ దాటాక అందరూ జలపాతం చూడాలని తారురోడ్డు మీద పోతుంటే, ఇతను మాత్రం నాన్న పాత ఎర్ర బండిని ఒక మట్టిదారిలోకి తిప్పాడు. సాల చెట్ల మధ్య అది వంపులు తిరుగుతూ పోతోంది. ఆకుల్లోంచి ఎండ దాని మీద చిల్లులు చిల్లులుగా పడుతోంది. ఆకాష్ బండి దిగి, గొంతుక్కూర్చుని, దాని మీద చెయ్యి వేసి, నీ అంత అందమైనదాన్ని నేను పుట్టాక చూళ్లేదు అన్నాడు. అలాంటి మాటలు అతనికి ఊరికే వచ్చేస్తాయి. ఇంటికొచ్చి స్టాండు వేసి వెనక్కి చూస్తే, గేటు దగ్గర ఆయాసపడుతూ దారి.

ఎవరిదిరా ఇది, అని మరియమ్మ అడిగింది. ఏమో అమ్మా, దానంతటదే వచ్చింది అన్నాడు. దాహంగా ఉందేమోనని ఆవిడ చెంబుడు నీళ్లు పోసింది.

అప్పట్నించీ ఆకాష్‌కి ఒకచోట కాలు నిలవడం లేదు. సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ప్లాంటులో అతని పని. పొద్దున్నే బీర్‌గావ్ మీదుగా పోయి, పొగ కింద రోజంతా బెల్టు మీద పోయే ముడిఇనుము రాళ్లని చూసుకుని, ముక్కుపుటాల నిండా మసితో తిరిగొస్తాడు. బెల్టు ఎక్కడికీ పోకుండా తిరుగుతూనే ఉంటుంది, దాన్ని చూస్తుంటే ఒళ్లంతా చీమలు పాకినట్టుంటుంది. ఇంటికొస్తే గేటు దగ్గర దారి కాచుకుని ఉండి, బూట్లు విప్పకముందే కాళ్లకి చుట్టుకుంటుంది. దాని మీద పాత అడుగులు ఇంకా అలాగే ఉన్నాయి. ఎడ్ల గిట్టలు, పిల్లల పాదాలు, ఎవరో ముసలాయన చేతికర్ర గుచ్చిన గుంటలు. మరియమ్మ ఎటు తిప్పి పరిచినా తెల్లారేసరికి అడుగులన్నీ దక్షిణం వైపుకే తిరిగి ఉంటాయి. వాస్తు చూసుకుంటుంది కాబోలు అనేవాడు పరదేశి.

పెద్ద బండి కొనాలన్న మాట రేచల్ వల్ల వచ్చింది. రేచల్ స్టేషన్ దగ్గర ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. వానలు వెనకబట్టాక ఆమెకీ ఆకాష్‌కీ పెళ్లి చెయ్యాలని పెద్దవాళ్లు అనుకున్నారు. ఈలోపు ఆమెకి సర్కారు నౌకరీ వచ్చింది. కొండగావ్ జిల్లాలో, అడవిలో, తుమ్‌రీపాల్ అనే ఊళ్లో చిన్న ఆరోగ్య కేంద్రం. అక్కడ కాన్పుకి చెయ్యి వేసే మనిషి లేక చాలా కాలమైందట. వానలు పడేలోపు చేరాలి, చేరకపోతే ఉద్యోగం వేరేవాళ్లకి పోతుంది. వాళ్లమ్మ గ్లోరీ కూడా నర్సుగా చేసి రిటైరైన మనిషే, అయినా వద్దంటే వద్దంది. ఆ అడవిలో ఒక్కదానివీ ఏం చేస్తావు, చేసుకోబోయేవాడు ఇక్కడ, నువ్వక్కడ, ఇదేం కాపురం అంది. రేచల్ ఆకాష్ వైపు చూసింది.

"పెద్ద బండి కొంటాను. తారు మీదా పోవాలి, అడవిలోనూ పోవాలి. ప్రతి ఆదివారం నీ గుమ్మంలో ఉంటాను, చూడు," అన్నాడు ఆకాష్.

ఆ మాట మీద రేచల్ ఔనని సంతకం పెట్టింది.

ఇక మొదలైంది. తిండి తింటూ ఫోన్లో బండ్లే, పడుకుని బండ్లే. షిఫ్టు దిగిన వెంటనే షోరూముకి. టాటీబంధ్ కూడలి దగ్గర ఒకటీ, ఊళ్లో రెండూ. వాటి పేర్లకి మరియమ్మకి నోరు తిరగదు, రంగులు పెట్టి పిలిచేది. నారింజది సన్నగా, ఎత్తుగా, దూకడానికి సిద్ధంగా ఉన్న మేకపోతులా ఉంటుంది. నల్లది లావు, ముందు పెద్ద అద్దం, నిండా పెట్రోలు పడుతుంది, హైవే మీద పోతుంటే టీ కప్పు కూడా తొణకదట. బూడిదరంగుది ఏ గొప్పా చెప్పుకోదు. సీటు కిందికి ఉంటుంది, ముందు చక్రం పెద్దది, గోతుల్లో మెత్తగా దిగి మెత్తగా లేస్తుంది. ఒకరోజు నారింజది అనేవాడు, మర్నాడు నల్లది. ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఒకడు ట్యూబ్‌లెస్ టైరు లేకపోతే అడవిలో చచ్చావే అంటే దాని గురించి ఒక వారం. రత్నం ఒకసారి వెంట వెళ్లి, వ్యాగన్ చక్రాలని కొట్టి చూసినట్టే ప్రతి బండి చక్రాన్నీ వేలి కణుపులతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. ఏం వినపడింది నాన్నా అంటే, ఏం లేదురా, అలవాటు అన్నాడు.

దారి కూడా వెళ్లేది. షోరూము ముందు సర్వీసు రోడ్డు పక్కన పడుకుని ఉండేది, లారీలవాళ్లు దాన్ని తప్పించి పోయేవాళ్లు. ఆకాష్ ఒక్కొక్క బండినీ దాని మీద నడిపి చూశాడు. నారింజది ఎక్కగానే రాళ్లు ఎగిరి దారి మెలికలు తిరిగింది. నల్లది కూరుకుపోయి లోతుగా చాళ్లు పడ్డాయి, ఆ చాళ్లు పూడడానికి చాలా రోజులు పట్టింది. బూడిదరంగుది పోతుంటే మాత్రం కదలకుండా కళ్లు మూసుకున్నట్టు ఉండిపోయింది. అది అందరూ చూశారు. ఆకాష్ కూడా చూశాడు. కానీ కలలో అతనికి వచ్చేది నారింజదే. మంచుకొండల్లో, మెడలో ఎర్ర గుడ్డ ఎగురుతూ.

"వెనక సీటు ఎలా ఉందో చూశావా?" అని ఫోన్లో అడిగింది రేచల్.

"బాగానే ఉంటుందిలే."

"ఉంటుంది కాదు, కూర్చుని చూశావా?"

"వెనక కూర్చుని ఏం చూస్తాను రేచల్, నడిపేవాణ్ణి నేనైతే," అన్నాడు.

నువ్వు బండి ఎంచుకునేలోపు నా గడువు దాటిపోయేలా ఉంది అని రేచల్ ఫోన్ పెట్టేసింది.

మర్నాడు నారింజది బుక్ చేసేశాడు. వీళ్ల సంఘంలో కొత్త బండి వస్తే, తాళం చేతికి తీసుకోకముందే పాస్టరుగారు దాని మీద చెయ్యి వేసి ప్రార్థన చెయ్యాలి. ఆ శనివారం ఎలీషా పాస్టరుగారు, మరియమ్మ, రత్నం, గ్లోరీ, ఆస్పత్రి నించి తెల్ల చీరతోనే వచ్చిన రేచల్, అందరూ షోరూము ఆవరణలో బండి చుట్టూ తలలు వంచి నిలబడ్డారు. నువ్వూ ఎక్కమ్మా, ఇద్దర్నీ కలిపి దీవిస్తాను అన్నారు పాస్టరుగారు. ఆకాష్ ముందెక్కాడు.

అక్కడ తెలిసింది తప్పు. ఇన్నాళ్లూ షిఫ్టు దిగి నేరుగా వచ్చి, ప్లాంటు బూట్లతోనే బండ్లు చూశాడు. వాటి అడుగు ఇటుకంత మందం. ఇవాళ ప్రార్థన కదా అని చర్చికి వేసుకునే పలచటి చెప్పులు వేసుకొచ్చాడు. మడమలు గాల్లో, వేళ్ల కొసలు నేల మీద. రేచల్ చీర ఎత్తిపట్టుకుని ఎంత కాలు చాపినా ఎక్కలేక, అతని భుజం పట్టుకుని లాగింది. పాస్టరుగారు ఆమేన్ అనేసరికి బండీ, ఇద్దరూ, నెమ్మదిగా, చెట్టు ఒరిగినట్టు ఒరిగి దారి మీద పడ్డారు. అది సమయానికి జరిగి కిందికి రాబట్టి ఎవరికీ ఏం కాలేదు.

రేచల్ లేచి చీర దులుపుకుంది. "నీ కాళ్లు నేలకి ఆనవు, నా కాళ్లు బండికి అందవు. ఎవరి కోసం కొంటున్నావు ఆకాష్ ఇది?"

తాళం తీసుకోలేదు గనక బుకింగ్ ఆపించుకోగలిగారు. ప్రార్థన వృథా కాదు, మనిషి మీద చేశాను గాని బండి మీద కాదు, ఇంకోదానికి చెల్లుతుంది అన్నారు పాస్టరుగారు.

అప్పటికే సాయంత్రాలు మబ్బు పడుతోంది. రేచల్ ఇక ఆకాష్ కోసం చూడకుండా, వాళ్లమ్మని తీసుకుని తుమ్‌రీపాల్ చూడ్డానికి బస్సులో వెళ్లింది. తిరిగొచ్చిన రోజు ఇద్దరూ నేరుగా మరియమ్మ ఇంటికే వచ్చారు. చీరలకి మోకాళ్ల దాకా బురద. వసారాలో కూర్చున్నారు. ఆకాష్ అప్పుడే షిఫ్టు నించి వచ్చాడు.

"వెళ్లను. రేపు రాసిచ్చేస్తాను నాకొద్దని," అంది రేచల్. "ఆ ఊరికి దారి లేదు."

బస్సు దిగి ఎక్కిన జీపు వాగు ఇవతలే ఆగిపోయిందట. అవతల ఒట్టి ముళ్లపొదలు, రాళ్లు. వీళ్లు పడుతూ లేస్తూ నడిచారు. మొన్నీమధ్య నొప్పులొచ్చిన ఒకామెని మంచం మీద మోసుకొస్తుంటే పొదల్లోనే కాన్పయిందని ఆడవాళ్లు చెప్పారు. ఊరికి దారి ఎందుకు వెయ్యలేదు అని గ్లోరీ కోపంగా అడిగితే, ఉండేది, పోయిన చలికాలం వెళ్లిపోయింది అన్నారట. ఎవరో కుర్రాడు ఎర్ర బండి మీద వచ్చి, దాని పక్కన కూర్చుని ఏదో అన్నాడట. అతను వెళ్లాక అదీ లేచి వెళ్లిపోయిందట.

దారి మరియమ్మ కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకుని ఉంది.

"నేను మొదటిరోజే అడిగాను, ఎవరిదిరా అని," అంది మరియమ్మ మెల్లిగా.

ఆకాష్ బూట్ల లేసు విప్పబోయి ఆగిపోయాడు. తన కోసం వచ్చిందనుకున్నాడు. ఇన్ని నెలలూ దాని మీద పిల్లల పాదాలు చూస్తూ, ఎవరివో అని ఒక్కసారీ అనుకోలేదు.

"రాసివ్వకు," అన్నాడు. "రేపొక్కరోజు ఆగు. దీన్ని దిగబెట్టేస్తాను."

పాత ఎర్ర బండి అంతదూరం లాగేలా లేదు. పొద్దున్నే టాటీబంధ్ వెళ్లారు. ఈసారి ఆకాష్ దేని మీదా ఎక్కలేదు. నువ్వు కూర్చో అన్నాడు. రేచల్ స్కూటీ తోలే మనిషి, బూడిదరంగుదాని మీద కూర్చుని రెండు కాళ్లూ నిండుగా నేలకి ఆనించింది. దారి తలుపు దాటి లోపలికొచ్చి ముందు చక్రం కింద తల పెట్టింది. ఇక ఎవరూ చర్చించలేదు. కాగితాలు అయ్యాక పాస్టరుగారి ప్రార్థనని ఈ బండికి చెల్లించుకుని బయల్దేరారు.

ఆకాష్ నడిపాడు, రేచల్ వెనక కూర్చుంది. ధమ్‌తరి, కాంకేర్. హైవే అంచున గడ్డిలో పాకుతూ దారి వెంట వచ్చింది. ఘాట్ ఎక్కాక సాల వాసన తగిలి పరుగందుకుంది. వాగు దగ్గర ఊరివాళ్లు నిలబడి ఉన్నారు. చేతికర్ర పట్టుకున్న ముసలాయన ముందుకొచ్చి, ఇంటికి ఆలస్యంగా వచ్చిన పిల్లని తిట్టినట్టు దారిని తిట్టి, కర్రతో మెత్తగా ఒకటి వేశాడు. అది ఆయన పాదాల మీద పొర్లింది. వాగు మాత్రం తనంతట తాను దాటలేదు. ఆకాష్ బండి మీద అవతలికి పోతే అతని వెనకే పోయింది. తిరిగొస్తే తిరిగొచ్చింది. పరుచుకోవడం లేదు, అతని బూట్లని వాసన చూస్తూ అక్కడక్కడే తిరుగుతోంది.

ముసలాయన చాలాసేపు చూసి, నువ్వు బండి మీద ఉన్నంతసేపూ ఇది ఇల్లు చేరదు బాబూ అన్నాడు.

ఆకాష్ బండి దిగాడు. దిగుతుంటే ఎంతో ఎత్తు మీంచి దిగినట్టనిపించింది. తాళం తీయకుండా హ్యాండిల్ రేచల్ చేతికిచ్చాడు. మంచుకొండలూ, ఎర్ర గుడ్డా ఒక్కసారి గుర్తొచ్చాయి. వంగి, దారి మీద చెయ్యి వేశాడు, మొదటిరోజులాగే. ఈసారి ఏమీ అనలేదు.

రేచల్ చున్నీ నడుముకి చుట్టుకుని, ఒకసారి అతని ముఖంలోకి చూసి, గేరు వేసింది. దారి ఆకాష్ దగ్గర కాసేపు ఆగింది. తర్వాత ఒక్క ఉదుటున లేచి, ఆమె చక్రం కిందికి దూరి, వాగులో రాళ్లన్నీ సర్దుకుంటూ, పొదల్ని పక్కకి తోసుకుంటూ, సాల చెట్ల మధ్యకి బారుగా పరుచుకుపోయింది. పిల్లలు దాని మీద పరిగెత్తారు. అడుగులు సరిగ్గా పాత అడుగుల్లో పడ్డాయి. మొదటి చినుకులు మొదలయ్యాయి.

ఆకాష్ హైవే దాకా నడిచి బస్సెక్కాడు.

ఇప్పుడు మరియమ్మ వసారా తొందరగా ఊడ్చేస్తుంది. అలవాటు కొద్దీ చెంబుడు నీళ్లు పోస్తుంది, అవి గచ్చు మీద ఎటూ ఇంకకుండా నిలబడతాయి. గుమ్మంలో తగలడానికి ఏమీ లేక తోచడం లేదని పరదేశి అంటాడు. ఆకాష్ వారమంతా బెల్టు చూసుకుంటాడు. ఆదివారం తొలి బస్సుకి వెళ్లి, ఘాట్ అవతల మలుపులో దిగి, చెట్టు కింద నిలబడతాడు. కాసేపటికి అడవిలోంచి ఇంజను చప్పుడు వినపడుతుంది. తెల్ల చీర నడుముకి దోపుకుని, మందుల పెట్టె ముందు కట్టుకుని రేచల్ వస్తుంది. ఆమె ముందు దారి ఉరుకుతూ వచ్చి, ఆకాష్ బూట్లు ఒకసారి తడిమి, మళ్లీ ఊరి వైపు తిరుగుతుంది.

"ఎక్కు, ఒకామెకి నెలలు నిండాయి, చూసి రావాలి," అంది మొదటి ఆదివారం.

ఆకాష్ వెనక సీటు ఎక్కాడు. అంతకాలం ఎంచి ఎంచి, ఏ బండికీ చూడనిది అదొక్కటే. పాదాలు పెట్టుకోడానికి చోటుంది. పెట్టాడు.

"బాగానే ఉంది," అన్నాడు.

"ఏంటీ?" అంది రేచల్, గాలికి వినపడక.

"ఏం లేదు. పోనీ."