నత్తల తొట్టెలు కడిగిన నాన్న

హాస్టల్లో అందరూ ఆమెను నత్తలమ్మ అనేవాళ్ళు. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. అంత చదివి నత్తలకు సూదులు వెయ్యడమేమిటో వాళ్ళ నాన్నకు అంతుపట్టలేదు. ఆయన బస్సు డ్రైవరు. సెలవురోజు చూసుకుని, స్వయంగా తేల్చుకుందామని ల్యాబ్‌కు వచ్చాడు.

"ఇంతకీ ఆ సూదిలో ఏముందే?"

"నత్త మెదడు ఒంటికి పంపే కబురు నాన్నా. పెప్టైడ్ అంటారు. ఒంట్లో దాన్ని అందుకునే గ్రాహకాలుంటాయి. కబురు అందితే నత్త గుడ్లు పెడుతుంది."

"మరి మూడు తొట్టెలెందుకు?"

"మొదటిదానిలో వాటికి కబురు ఎక్కించాను. రెండోదానికి వట్టి ఉప్పునీళ్ళ సూది. మూడోదానికి కబురూ ఎక్కించాను, గ్రాహకాలను మూసేసే మందూ ఇచ్చాను. మొదటి తొట్టెలోనే గుడ్లు రావాలి. రాకపోతే ఈ పని మానేసి వేరేది చూసుకోమంది మా గైడ్ మేడమ్."

నాన్నకు భోజనం తేవడానికి ఆమె క్యాంటీన్‌కు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆయన చొక్కా చేతులు మడిచి, తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. తొట్టెలు తళతళలాడుతున్నాయి.

"ఆ పాచిలో పాపం ఎలా ఉంటాయే? నీళ్ళు మార్చేశాను. బకెట్ మీద 'నత్తలకు' అని రాసే ఉందిగా!"

కడగని బస్సును ఏనాడూ స్టాండులోంచి కదిలించని మనిషి. ఆమె నవ్వి, తెచ్చిన భోజనం వడ్డించింది.

సాయంత్రానికి ఆ నవ్వు ఎగిరిపోయింది. మొదటి తొట్టె గోడకు జిగురు ముద్దల్లో గుడ్లు. రెండోదానికీ అంతే! ఉప్పునీళ్ళకే గుడ్లు పెడితే ఇక తన కబురు గొప్పేముంది? కుర్చీలో కూలబడింది.

"నేనేమైనా పాడుచేశానా తల్లీ?"

అప్పుడు వెలిగింది. శుభ్రమైన కొత్త నీళ్ళు తగిలితే చాలు, ఈ నత్తల మెదడు తనంతట తానే ఆ కబురు పంపుతుంది. అందుకేగా ఇన్నాళ్ళూ నీళ్ళు మార్చొద్దని మేడమ్ అన్నది!

ఒక్క గంతులో మూడో తొట్టె దగ్గరికి వెళ్ళింది. గోడలు, అడుగు, ఆకుల వెనక అన్నీ వెతికింది. ఒక్క గుడ్డూ లేదు.

"నాన్నా! నేను ఎక్కించింది, నత్త పంపుకున్నది, రెండు కబుర్లూ అదే తలుపు తట్టాయి! తలుపు మూస్తే ఏదీ లోపలికి పోలేదు!"

"అంటే నేను మంచిపనే చేశానన్నమాట."

"చెప్పకుండా చేశారు!" అంటూనే మేడమ్‌కు ఫోన్ చేసింది.

మేడమ్ అంతా విని పకపకా నవ్వింది. "ఒక్కసారి వస్తే సరిపోదమ్మా. మళ్ళీ చెయ్యి. ఈసారి తొట్టెలు రెండు వరుసలు పెట్టి, ఒక వరుసకే నీళ్ళు మార్చు. వేరే పని సంగతి మర్చిపో, నీకిదే. మీ నాన్నగారినీ ఉండమను."

ఆయన ఇంకో రోజు సెలవు పొడిగించాడు. చెప్పిన వరుస అద్దంలా కడిగాడు. రెండో వరుస పాచి కంటబడితే చేతులు ఆగవని, గుడ్లు వచ్చేదాకా గోడవైపు తిరిగి కూర్చున్నాడు.