తీసినవాడే తెచ్చి పెట్టాలి

ఆరేళ్ళుగా నా మనసులో ఒక అనుమానం ఉంది. మా ఇంట్లో దేవుడి ముడుపు తీసింది నా బావమరిది ఉమామహేషేనని.

అప్పట్లో నాకు డెంగ్యూ వచ్చింది. నా భార్య రాధ సింహాద్రి అప్పన్నకి మొక్కుకుని, పసుపు గుడ్డలో పదకొండు వందల పదహారు రూపాయలు కట్టి దేవుడి అలమరలో పెట్టింది. నేను లేచి తిరిగేసరికి ముడుపు లేదు. ఆ వారమంతా ఉమామహేష్ మాకు సాయంగా కూర్మన్నపాలెంలో మా ఇంట్లోనే ఉన్నాడు. రాధని అడిగితే తెలీదంది. అతన్ని నేను అడగలేదు. అడక్కుండానే, అతను వచ్చినప్పుడల్లా అలమరకి తాళం వేయడం మొదలుపెట్టాను. అతను చూశాడు. రావడం తగ్గించాడు.

మళ్ళీ ముడుపు కడదామని రాధ అంటే, తీసినవాడే తెచ్చి పెట్టాలన్నాను. కళ్ళారా చూడకుండా నేరం మోపడం పాపమని తెలుసు. అయినా రోజూ దీపం పెడుతూ అదే అనుకునేవాణ్ణి.

ఈ ఏడాది నేను కూలికెళ్ళే కాంట్రాక్టరు మనుషుల్ని తగ్గించాడు. నెలలో పది రోజులు పని దొరికితే గొప్ప. నాకు మూడు క్రెడిట్ కార్డులున్నాయి. ఒకటి గీకి ఇంకోదానికి మినిమం కట్టుకుంటూ వచ్చాను. బాకీ ఏడు లక్షలు దాటింది. ఇక తీర్చలేనని కోర్టుకి చెప్పుకుని ఐపీ పెట్టడమే దారని, గాజువాకలో ఆశాజ్యోతి గారనే లాయరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం.

ఆవిడ చెప్పినవి నాకు వింతగా తోచాయి. కార్డు ఏ బ్యాంకుదో ఆ బ్యాంకులో నా కూలి డబ్బు పడనివ్వొద్దట, పడగానే బాకీ కింద లాగేసుకోవచ్చట. వేరే బ్యాంకులో ఖాతా తెరిచి, ఆ సంగతి కూడా కోర్టు కాగితంలో రాయాలట. ఇకమీద కార్డు గీకకూడదు. కోర్టుకి వెళ్ళేముందు ఒకరికి కట్టి మిగిలినవాళ్ళకి ఎగ్గొట్టకూడదు, అందులోనూ బంధువుల చేతిలో డబ్బు అసలే పెట్టకూడదు. తీసుకున్న అప్పు కట్టకుండా కూర్చోమనే మనిషిని ఎంతవరకు నమ్మొచ్చు? ఆ మాట పైకే అడిగాను.

“కట్టొద్దనడం లేదండి. ఉన్నదంతా చూపించి, కోర్టు చెప్పినట్టు కట్టమంటున్నాను. ఇంట్లో ఏది దాచినా పిటిషన్ పోతుంది. సోమవారం మీరు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి” అన్నారావిడ.

ప్రమాణం అనగానే రాధ తల దించుకుంది.

ఇంటికొచ్చాక చూశాను. బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి ఏదో లోపలికి నొక్కుతోంది. నన్ను చూసి మూత పెట్టేసింది. బంగారమే అనుకున్నాను. నగలన్నీ తాకట్టులో పోయాయని నాతో చెప్పింది, నిజమేనా? దాచమని తమ్ముడే నేర్పాడా? రెండు రోజులు ఆమె బియ్యం కొలుస్తుంటే ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. డబ్బా తెరిచి బంగారం బయటపడితే భార్య దొంగవుతుంది. తెరవకుండా సంతకం పెడితే దేవుడి ముందు నేను దొంగనవుతాను.

ఆదివారం పొద్దున్న స్నానం చేసి, దీపం పెట్టి, ఆమె ఎదుటే డబ్బా కిందికి దించాను.

“ఏటి సేత్తన్నావ్?” అంది.

“రేపు పెమాణం సెయ్యాల నాను. ఇందులో ఏటుందో తెలీకుండా ఎలాగ సేత్తాను?”

ఆమె అడ్డం రాలేదు. బియ్యంలోంచి పసుపు గుడ్డ మూట వచ్చింది. విప్పాను. పది రూపాయల బిళ్ళలు, కొంచెం చిల్లర, నలిగిన నోట్లు. లెక్కపెడితే పదకొండు వందల పదహారు.

“నువ్వు జొరంతో మంచమ్మీదున్నావు. కార్డోడు ఫోన్ సేసి, మినిమం కట్టకపోతే నీ పనికాడికే వత్తానన్నాడు. సామి సొమ్ము అట్టుకెళ్ళి కట్టేసినాను” అంది రాధ. “తీసినోళ్ళే తెచ్చి పెట్టాలన్నావు కదా. తెచ్చి పెట్టినాను.”

చీరలకి ఫాల్స్ కుట్టిన డబ్బులట. అంతకుముందు రెండుసార్లు నిండితే, రెండుసార్లూ గ్యాసు బండకి పోయాయట. మరి తమ్ముణ్ణి నేను అనుమానిస్తుంటే ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

“ఆడే సెప్పొద్దన్నాడు. బావ జొరంలో ఉన్నాడు, బెంగెట్టుకుంటాడన్నాడు. తరవాత సెప్దామంటే నాకు నోరు రాలేదు.”

లాయరు గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. చిన్న మొత్తమే, మొక్కు తీర్చుకుని కాగితంలో ఖర్చు కింద రాద్దాం, రసీదు తెండి అన్నారు. హుండీకి రసీదు ఉండదన్నాను. అయితే జరిగింది జరిగినట్టు రాద్దాం, చాలన్నారు. ఆవిడ మీద నా అనుమానం అక్కడ పోయింది.

తర్వాత ఉమామహేష్‌కి ఫోన్ చేసి, సింహాచలం తీసుకెళ్తావా అని అడిగాను. గంటలో ఆటో వేసుకుని వచ్చాడు. గుమ్మం దాటలేదు.

“ఏటి బావా, ఇన్నేళ్ళకి నా ఆటో గుర్తొచ్చిందా? అలమరకి తాళవేసే వత్తన్నావా?”

“తాళం పారేసినాను. లోపలికి రా” అన్నాను. అతను చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మంచినీళ్ళు తాగాడు.

కొండ కింద కిరాయి ఇవ్వబోతే నా చెయ్యి తోసేశాడు. “ఉంచు బావా. సుట్టాలకి డబ్బులిత్తే మీ లాయరమ్మ ఊరుకోదట కదా, అక్క సెప్పింది.”

దర్శనం అయ్యాక హుండీ దగ్గర ముడుపు అతని చేతిలో పెట్టాను. అతను దాన్ని ఓసారి చూసి, అక్కకి అందించాడు. రాధ కళ్ళకద్దుకుని హుండీలో వేసింది.