తలకిందుల నిమ్మగడ్డి

వేడుకకి వాన అడ్డం పడకూడదంటే మా ఊళ్లో కన్నెపిల్ల చేత నిమ్మగడ్డిని తలకిందులుగా నేలలో నాటిస్తారు. మా అన్న కొడుకు, పెళ్లికి ముందు ఇక్కడి మగపిల్లలంతా చేసినట్టే, కొన్నాళ్లపాటు బౌద్ధ భిక్షువుగా ఉండేందుకు దీక్ష తీసుకునే రోజున ఆ పని నా మేనకోడలు పికున్‌కి అప్పగించింది ఫయోమ్. పికున్‌ని కోడలిగా చేసుకుందామని వచ్చిన మనిషి ఆవిడ. ఊరేగింపు గుడి చుట్టూ రెండో ప్రదక్షిణలో ఉండగా వాన దంచికొట్టింది.

అందరం వంటల పందిట్లోకి పరుగెత్తాం. ఫయోమ్ గొంతు పెంచలేదు.

"కన్నెపిల్ల నాటితే వాన రాదు. వచ్చింది. ఇక నేనేం చెప్పను?"

పికున్ ముఖం చూసి నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే పాతికేళ్ల కిందట ఇదే గుడిలో, మా అన్న దీక్షకి నాటింది నేను. చుక్క పడలేదు. బంగారంలాంటి పిల్ల అని ఊరంతా మెచ్చుకుంది. ఆ వారమే మా ఆయన ప్రయూన్ తల్లి నన్ను అడగడానికి వచ్చింది. అసలు సంగతి నాకూ, పడవ నడిపే ఒక మనిషికీ మాత్రమే తెలుసు.

ప్రయూన్ అక్కడే అన్నం గుండిగ పక్కన కూర్చుని ఉన్నాడు. అయినా నా నోరు ఆగలేదు.

"అక్కా, ఆ రోజు నేను నాటితే వాన రాలేదు. అప్పటికి నేను కన్నెపిల్లని కాదు. గడ్డికేం తెలుస్తుంది?"

కూరగాయలు తరిగే కత్తులన్నీ ఆగాయి. ఫయోమ్ మాత్రం తొణకలేదు.

"అయితే ఏంటంట? కన్నెపిల్ల నాటితే రాదన్నారు గానీ, కానిది నాటితే తప్పకుండా వస్తుందని ఎవరన్నారు? నీకు అదృష్టం కలిసొచ్చింది. ఈ పిల్ల నాటితే వాన వచ్చిందిగా."

ఆవిడ మాటని అటూ ఇటూ తిప్పి చూశాను, తప్పు దొరకలేదు. నా పరువు పోయింది, పిల్లకి ఒరిగిందేమీ లేదు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు ఫయోమ్ కొడుకు దీక్షకీ ఇలాగే కుండపోత. ఆ రోజు నాటిందెవరని అడిగాను.

నాటింది ఆవిడ కూతురు చన్‌పెన్. ఆ పిల్ల పక్కనే కూర్చుని కొబ్బరి తురుముతోంది, తల ఎత్తలేదు. ఫయోమ్ ఒకసారి కూతురి వైపు చూసి లేచింది. నెత్తిన బేసిను బోర్లించుకుని వానలోకి వెళ్లి, నిమ్మగడ్డి పీకి తెచ్చి అందరికీ చూపించింది. లోతుగా నాటలేదంది. నిరుడు తమవాళ్లూ ఇలాగే పైపైన నాటారంది. అవునంటే అవునన్నారు అందరూ. పికున్ సంబంధం నిలిచింది.

నేనన్న మాట మాత్రం ఎలా వెనక్కి తీసుకోవాలో నాకు తోచలేదు.

ఇంటికి నడిచేటప్పుడు ప్రయూన్ గొడుగు నా మీదకే పట్టి, తాను తడుస్తూ వచ్చాడు. ఎవరింటికి వెళ్లినా ఆ వాన రాని రోజు కథ చెప్పి, నన్ను చూపించి మురిసిపోయే మనిషి. కాలువ వంతెన దగ్గరికి వచ్చాం. అక్కడ ఆగాడు.

"మరి ఆ రోజు వాన ఎందుకు రాలేదే?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.